బీడీ టైము

చిత్తూరు, మఠం
ఫిబ్రవరి

ప్రియమైన రూతక్కకు,

నేను బాగానే ఉన్నాను. నువ్వు నన్ను గేటు దగ్గర వదిలేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయావు చూడు, అప్పుడు బాగా ఏడుపొచ్చింది. నువ్వూ ఏడుస్తున్నావని, అందుకే తిరగలేదని తర్వాత తోచింది. ఇప్పుడైతే ఏడవడానికి తీరిక లేదు. ఇక్కడ అన్నిటికీ గంట కొడతారు. లేవడానికి గంట, జపానికి గంట, అన్నానికి గంట, అన్నం తిన్నాక కాసేపు కూర్చోవడానికి కూడా గంటే. కూర్చోమని గంట కొట్టే చోటు ఇంకెక్కడైనా ఉంటుందా?

ఈ ఏడాది నాకు ఫోను లేదు. సిస్టరుగా దేవుడికి మాట ఇచ్చే ముందు ఏడాది అందరికీ ఇదే నియమం. ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ, వచ్చేవీ పోయేవీ మఠం పెద్ద, మా మదర్, చదివాకే చేతికిస్తారు. కాబట్టి నన్ను తిట్టాలనిపిస్తే కాస్త మర్యాదగా తిట్టు.

పొద్దునపూట మఠం పక్కనున్న చిన్న ఆస్పత్రిలో నాకు పని. అక్కడ ఒక పెద్ద సిస్టరు ఉన్నారు. ఎప్పుడూ మందుల వాసన వేస్తుంటారని ఆమెకు మందుల సిస్టరని పేరు పెట్టాను, మనసులోనే. కడుపుతో ఉన్నవాళ్లు వస్తే బరువు చూసి కార్డు మీద రాయడం నా పని. ఎవరొచ్చినా నువ్వే గుర్తొస్తావు. నువ్వూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బరువు మిషను ఎక్కాలని రోజూ జపంలో అడుగుతున్నాను, ఆయన్ని.

బావకు నమస్కారం చెప్పు. ఆటో మెల్లగా నడపమను.

నీ చెల్లి
అమల


నగరి
మార్చి

అమలకు అక్క దీవెనలు. చదువుతున్న మదర్ గారికి నమస్కారాలు.

నువ్వు ఆయన్ని అడిగింది చాలు, ఇక ఆపు. విన్నాడు. మూడో నెల.

పెళ్లయిన ఇన్నాళ్లకు. మీ బావ ఆటోలో ముందు అద్దం పక్కన అంటించిన మరియమ్మ బొమ్మకు పూలు మార్చేటప్పుడు తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఎక్కినవాళ్లు ఏమనుకుంటారోనని నాకే సిగ్గు. పొద్దున లేస్తే వాంతులు. చింతకాయ పచ్చడి తప్ప ఏదీ సయించడం లేదు. అమ్మ ఉంటే ఏం చేసి పెట్టేదో అనిపిస్తుంది. నిన్ను కని పోయింది కాబట్టి ఈ మాట నీ దగ్గర ఎప్పుడూ ఎత్తను. కానీ ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది. నువ్వు పెద్ద బిడ్డవే తల్లీ. తల బయటికి రాలేదని ఆడవాళ్లు గుసగుసలాడుకోవడం నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆ భయం నాకు లోపలెక్కడో ఉంది. సరే, వదిలెయ్.

పనికి పోతూనే ఉన్నా. మరమగ్గాల షెడ్డు సంగతి నీకు తెలుసు కదా, పక్కవాళ్లతో మాట్లాడాలన్నా సైగలే. నిలబడే ఉండాలి. కూర్చుంటే పోగు తెగింది కనబడదంటాడు మా మేస్త్రీ మునిరామయ్య, అందుకని షెడ్డు మొత్తానికి ఒక స్టూలు లేదు. పోయిన నెల ఒకసారి కళ్లు తిరిగి మగ్గం మీద పడబోయాను. దేవకమ్మ పట్టుకుంది. దేవకమ్మ అంటే నా పక్క మగ్గం చూసే పెద్దామె, నోరు పెద్దది గానీ మంచిది. ఆమె పుణ్యాన ఇప్పుడు మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు బయట చింతచెట్టు కింద కూర్చునే దారి దొరికింది. నా గురించి దిగులు పెట్టుకోకు. జపంలో మీ ఆయన్ని, ఆ పైవాణ్ణి, అడగాల్సింది ఇంకా ఉంటే, సుఖంగా కాన్పు కావాలని అడుగు.

మీ అక్క
రూతు


చిత్తూరు, మఠం
ఏప్రిల్

బంగారు అక్కకు,

నీ ఉత్తరం మదర్ నా చేతికిస్తూ, చదవకముందే, "మీ అక్కకు శుభవార్త" అని చెప్పేశారు. నాకు కోపం వచ్చింది, తర్వాత ఆమెనే పట్టుకొని ఏడ్చాను. ఆ రోజు కూర్చునే గంట కొట్టినా కూర్చోలేకపోయాను.

ఇక్కడ నేర్చుకున్నదంతా నీకు అప్పజెప్పాలని ఉంది. ఆకుకూర తిను. రక్తం మాత్ర వేసుకో, నల్లగా విరేచనమైతే భయపడకు. ఇంకొకటి. బావ బీడీ మానాడా? మొన్న మందుల సిస్టరు ఒకాయన జేబులోంచి బీడీకట్ట లాగి బావిలో వేశారు. పెళ్లాం ఏడో నెల, ఆయన పక్కనే కూర్చొని ఊదుతున్నాడు. ఆయన లబోదిబోమంటుంటే ఆమె చెప్పింది నేను అట్లాగే రాస్తున్నా. "నువ్వు ఇడిసిన పొగ ఈమె పీలుస్తాది. ఈమె రక్తంలోకి పోతాది. బిడ్డకి అన్నమూ గాలీ రెండూ ఆ రక్తంలోనే పోవల్ల. రక్తనాళం సన్నబడితే బిడ్డకి ఆడ ఊపిరి సాలదు నాయనా. తాగేది తల్లే అయితే ఇంగ సెప్పనే పనిల్యా."

ఆయన తలొంచుకొని వెళ్లాడు. మర్నాడు బావి దగ్గర తచ్చాడుతుంటే చూశాను. తడిసిన కట్ట ఏం చేసుకుంటాడో పాపం. బావ అట్లా చేస్తే నాకు రాయి, మందుల సిస్టరును పంపిస్తా.

చింతచెట్టు కింద కూర్చున్నప్పుడల్లా నా పేరు ఒకసారి తలుచుకో.

నీ
అమల


నగరి
జూన్

అమలకు,

జవాబు రాయడం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

మీ బావ బీడీ మానేశాడు, నువ్వు చెప్పకముందే. నువ్వింకా సిస్టరు కాలేదు, అప్పుడే ప్రసంగాలు మొదలుపెట్టావు. ఆస్పత్రిలో కూర్చొని చెప్పేవాళ్లకు అన్నీ సులువుగా కనిపిస్తాయి. పోనీలే, నా మంచికే రాశావు.

ఆరో నెల నడుస్తోంది. పుత్తూరులో స్కానింగు తీయించాం. బిడ్డ గుండె కొట్టుకోవడం వినిపించారు. మా షెడ్డులో మగ్గాల మీద నాడె అటూ ఇటూ కొట్టుకున్నట్టే టకటకమని. మీ బావ బయటికొచ్చి ఆటో స్టార్టు చేసి ఎంతసేపటికీ కదలడు. నెలలకు తగ్గ బరువు లేదని, బిడ్డ సన్నంగా ఉందని డాక్టరమ్మ రాసింది. మళ్లీ రమ్మంది. దేవకమ్మకు చెబితే సంతోషపడింది. "సన్నంగా ఉంటే మంచిదే గదమ్మే. కాన్పు సులువైతాది. పెద్ద బిడ్డలే తల్లుల్ని తినేది," అంది. అమ్మ సంగతి ఆమెకు తెలియదు, ఊరికే అంది. నాకు మాత్రం ఆ మాటతో కొండంత బరువు దిగిపోయింది.

ఉంటాను.

రూతు


చిత్తూరు, మఠం
జూన్

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఈ రోజే రాస్తున్నాను, మదర్ వెంటనే పోస్టు చేయిస్తామన్నారు.

సన్నంగా ఉండటం మంచిది కాదు అక్కా. దేవకమ్మ మాట నమ్మకు. నెలలకు తగ్గ బరువు లేదంటే బిడ్డకు అందాల్సింది అందడం లేదని అర్థం. మందుల సిస్టరుకు నీ ఉత్తరంలోని ఆ నాలుగు మాటలూ చదివి వినిపించాను. ఆమె వెంటనే అడిగారు: "మీ యక్క ఏం పని సేస్తాది? తిండి తింటాందా? పొగ యాడన్నా ఉండాదా?"

లేదని చెప్పబోయాను. చెప్పలేకపోయాను. ఎందుకంటే నిన్న మదర్ ఉత్తరం నాకిస్తూ ముక్కు దగ్గర పెట్టుకొని, "మీ బావ ఇంట్లో బీడీలు బాగా తాగుతాడు కాబోలు, కాగితం కూడా కంపు కొడుతోంది," అన్నారు. బావ మానేశాడని అదే కాగితంలో నువ్వు రాశావు. నీకు అబద్ధం రాయడం చేతకాదు, బావ మానే ఉంటాడు. మరి ఆ వాసన ఎవరిది?

నేను తప్పుగా అనుకుంటుంటే నన్ను చెంపమీద కొట్టు. నిజమైతే చెప్పు. మదర్ చదువుతారని వెనకాడొద్దు. నీ ఉత్తరాలు ఇకమీదట చదవకుండానే ఇస్తానని ఆమె నాకు మాటిచ్చారు. నేను అడగలేదు, ఆమే అన్నారు.

అమల


నగరి
జూన్ నెలాఖరు

అమలా,

వాసన నాదే.

చెబుతాను, పూర్తిగా విను. మా షెడ్డులో బీడీ టైమని ఒకటుంది. ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. బీడీ తాగేవాళ్లు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటికి పోవచ్చు. లోపల దూది, నూలు, నిప్పురవ్వ పడితే షెడ్డంతా పోతుంది కదా, అందుకని వాళ్లను బయటికి పంపక తప్పదు. వాళ్ల మగ్గాలు తాగనివాళ్లం చూసుకోవాలి. అన్నం టైము తప్ప మాకు వేరే టైము లేదు. నీళ్లకు పోయినా ఎంతసేపని అడుగుతారు.

కళ్లు తిరిగి పడబోయిన రోజు నేను చెట్టు కిందికి పోయి కూర్చున్నాను. మునిరామయ్య వచ్చి, "బీడీ తాగేవాళ్లకి బయట పని ఉండాది. నీకేం పనమ్మా ఈడ?" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు. లేచి లోపలికి పోయాను. కడుపుతో ఉన్నానని చెబితే మానుకొమ్మంటారని భయం. మర్నాడు దేవకమ్మ ఒక బీడీ అంటించి నా చేతిలో పెట్టింది. "ఊరికే పట్టుకో మే. పట్టుకుంటే ఎవురూ అడగరు," అంది.

పట్టుకున్నాను. అంతే అనుకున్నాను. చేతిలోనే కాలి ఆరిపోతుంటే మగవాళ్లు నవ్వారు. అందుకని ఒక దమ్ము లాగాను. దగ్గొచ్చింది, ఇంకా నవ్వారు. రెండో రోజు దగ్గు రాలేదు. వాంతి కూడా తగ్గినట్టనిపించింది. దేవకమ్మ తాను బీడీ తాగుతూనే ముగ్గుర్ని కన్నానని, ఒక్కడికీ ఏమీ కాలేదని చెప్పింది. ఇప్పుడు ఆదివారం పని లేకపోయినా చెయ్యి వెతుకుతోంది. పూజలో కూర్చుంటే ప్రసంగం ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తోంది. మీ బావ చేత మాన్పించిందాన్ని నేను. ఆయనకు తెలియదు. నూలు రంగు కంపని చెబుతున్నాను.

నేను బిడ్డ కోసమే కూర్చున్నాను అమలా. ఇది నువ్వు నమ్మాలి. నా నడుము కోసం కూర్చోలేదు. నీకు కూర్చోమని గంట కొడతారు. నాకు కూర్చోవాలంటే నోట్లో నిప్పు ఉండాలి. నన్ను కోప్పడే ముందు ఆ సంగతి కొంచెం ఆలోచించు.

రూతు


చిత్తూరు, మఠం
జూలై

అక్కా,

కోపం లేదు. ఏప్రిల్లో ఆ బావి కథ నవ్వుతూ రాశాను చూడు, దాన్ని తలుచుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది. నువ్వు అది చదివి ఎట్లా ఉన్నావో.

నువ్వు బిడ్డ కోసమే కూర్చున్నావు. నమ్ముతున్నాను. కానీ బిడ్డకు అందింది ఆ కూర్చోవడం కాదు, ఆ పొగ. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

మందుల సిస్టరు చెప్పింది జాగ్రత్తగా చదువు. ఏ నెలలో మానినా లాభమే. ఈ రోజు మానితే ఈ రోజు నుంచే బిడ్డకు మంచి రక్తం అందుతుంది. ఇప్పటికే తాగాను కదా, ఇక మానితే ఏం, మానకపోతే ఏం అనుకోవద్దు. ఒకటి రెండు తాగితే ఏం కాదులే అని కూడా అనుకోవద్దు. చేతులు వణికితే, చిరాకొస్తే అది నీ తప్పు కాదు, నాలుగు రోజులు అట్లాగే ఉంటుంది, తగ్గుతుంది. నోట్లో లవంగమో సోంపో వేసుకో. డాక్టరమ్మ దగ్గర దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు. కడుపు నొప్పి వచ్చినా, ఒక్క చుక్క రక్తం కనబడినా ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా తిరుపతి పెద్దాస్పత్రికి పోవాలి. దేవకమ్మకు ఏమీ కాలేదంటే సంతోషం. నష్టం అందరికీ అవ్వదు. ఎవరికి అవుతుందో ముందు తెలియదు కాబట్టే భయం.

పని మానెయ్యి అక్కా. లేకపోతే నేనే వచ్చేస్తాను. సిస్టరుగా మాట వచ్చే ఏడాదైనా ఇవ్వొచ్చు. మదర్‌ను అడిగాను. నీ ఇష్టం అన్నారు. నువ్వు ఊ అను, పెట్టె సర్దుకుంటా. అమ్మ లేకుండా నువ్వు నన్ను పెంచావు. నీకు అన్నం వండి పెట్టే పాటి నేర్పు నాకుంది, నువ్వు నేర్పిందే.

నీ
అమల


నగరి
జూలై

చెల్లికి,

మానేశాను. నువ్వు పెట్టె సర్దొద్దు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కట్ట తీసుకెళ్లి దేవకమ్మకు ఇచ్చేశాను. ఆమెకు కోపం వచ్చింది, తీసుకుంది. లవంగాలు నమిలి నమిలి నాలుక మొద్దుబారింది. మీ బావ మీద ఊరికే అరుస్తున్నాను. ఆయన కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనని అందరికీ చెబుతున్నాడు.

బిడ్డ బాగా కదులుతోంది. నిన్న మగ్గానికి పొట్ట ఆనించి నిలబడితే లోపలి నుంచి ఒక తన్ను. మగ్గం చప్పుడు నచ్చలేదేమో. ఆడపిల్లేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. మెత్తటి తెల్ల గుడ్డ నేస్తుంటే చివర ఒక మూర మునిరామయ్యను అడిగి తీసుకున్నాను. పొత్తిగుడ్డకు. ఇప్పటికే నాలుగుసార్లు ఉతికాను, ఇంకా మెత్తబడాలి.

పని ఇప్పుడే మానలేను. చెన్నై కొట్లలో తమిళుల ఆడి మాసం తగ్గింపు అమ్మకాలు, వాళ్ల సరుకంతా మన దగ్గరే నేయాలి. ఆడి పోతే మానేస్తాను. ఇంక కొన్నాళ్లే.

నువ్వు హాయిగా జపం చేసుకో.

అక్క


చిత్తూరు, మఠం
ఆగస్టు

అక్కా,

తిరుపతి నుంచి తిరిగొచ్చాక ఏం రాయాలో తెలియక కాగితం ముందేసుకొని కూర్చుంటున్నాను. మదర్ ఒక్క రోజే పంపారు. ఆ రోజంతా నీ మంచం పక్కన కూర్చున్నాను. మీ అత్త ఉంది, పక్క మంచాల వాళ్లు ఉన్నారు, వాళ్ల బిడ్డలు ఏడుస్తున్నారు. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. నీ పాలు పిండి పారబోసి వచ్చాను. అది తప్ప ఏమీ చేయలేకపోయాను.

బావ వరండాలో చెప్పాడు. షెడ్డులోనే నొప్పి వచ్చిందని, రక్తం ఆగలేదని, ఆటోలో పుత్తూరు దాకా, అక్కణ్ణుంచి అంబులెన్సులో తీసుకొచ్చారని. ఎనిమిదో నెల దాటకుండానే మాయ విడిపోయిందని, వచ్చేసరికే బిడ్డ గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారట. నిన్ను దక్కించుకోవడమే గొప్ప అన్నారట. ఆడపిల్ల అక్కా. నీ మాటే నిజం. నువ్వు ఉతికి పెట్టుకున్న ఆ తెల్ల గుడ్డలోనే చుట్టాడు బావ. గుడ్డ పెద్దదైంది, పాప అంత చిన్నది. ముఖం చూశాను. నుదురు నీదే.

ఇంతకన్నా రాయలేను. అన్నం తింటున్నావా, అది ఒక్కటి రాయి.

అమల


నగరి
సెప్టెంబరు

అమలా,

తింటున్నాను. పెడుతున్నారు కాబట్టి తింటున్నాను.

అందరూ వచ్చి పోతున్నారు. అందరిదీ ఒకే మాట, దేవుడి చిత్తం. ఫాదర్ గారూ అదే అన్నారు. మీ బావ నా తల నిమురుతూ అదే అంటాడు. ఆయన చెయ్యి తల మీద పడితే నాకు లేచి పారిపోవాలనిపిస్తుంది. ఆయనకు ఇంకా తెలియదు.

నీకు రాసింది అబద్ధం. పూర్తిగా అబద్ధం కాదు. నిజంగానే మానేశాను. వారం గడిచిందో లేదో ఆడి సరుకు మీద పడింది. రెండు పూటలూ నిలబడి నా మగ్గం, బయటికి పోయినవాళ్ల మగ్గాలు చూస్తున్నా. కాళ్లు వాచి చెప్పుల్లో దూరడం లేదు. ఒక సాయంత్రం కింద కూలబడ్డాను. మునిరామయ్య వచ్చి, "ఏమ్మా, నువ్వు ఈ మధ్య బీడీకి పోవడంల్యా?" అన్నాడు. జాలిగానే అన్నాడు. నేను లేచి బయటికి పోయి దేవకమ్మ ముందు చెయ్యి చాపాను. ఆ తర్వాత రోజూ చాపాను. ఒకటితో ఆగలేదు. నొప్పి వచ్చిన రోజు కూడా చెట్టు కిందే ఉన్నాను. నా చేతిలో అది ఉండింది.

నిన్ను ఒకటి అడుగుతున్నాను. నా బిడ్డ పోయింది దాని వల్లేనా? మీ మందుల సిస్టరును అడిగి రాయి. నువ్వు చిన్నప్పటినుంచీ నా దగ్గర అబద్ధమాడలేదు. ఇప్పుడు కూడా ఆడొద్దు. దేవుడి చిత్తం అని మాత్రం రాయకు. నువ్వు కూడా ఆ మాటంటే నేను ఇంకెవరినీ అడగలేను.

రూతు


చిత్తూరు, మఠం
సెప్టెంబరు

నా రూతక్కా,

అడిగాను. ఈ ఉత్తరం రాసి చించి, మళ్లీ రాస్తున్నాను. చించిన దాంట్లో, దాని వల్ల కాదు, నువ్వు మనసు కష్టపెట్టుకోకు అని రాసి ఉంది. చదువుకుంటే అది నీకు రాసినట్టు లేదు, నిన్ను వదిలించుకోవడానికి రాసినట్టు ఉంది.

మందుల సిస్టరు ఇట్లా చెప్పారు. ఈ ఒక్క బిడ్డ ఫలానా దాని వల్లే పోయిందని ఏ డాక్టరూ ఒట్టు వేసి చెప్పలేడు. పొగ ఎరగని తల్లులకు కూడా మాయ ముందే విడిపోవడం ఉంది. కానీ పొగ తాగే తల్లులకు అది ఎక్కువగా జరుగుతుంది. బిడ్డ బరువు తగ్గడమూ అంతే, నెలలు నిండకుండా పుట్టడమూ, కడుపులో పోవడమూ అంతే. దాని వల్లే అయి ఉండొచ్చు. అయి ఉండొచ్చు అక్కా. కాదని నేను రాయను.

ఇది రాసిన చేతితోనే ఇంకొకటి రాస్తున్నాను, దీన్ని కూడా అంతే నమ్ము. నువ్వు సరదాకు తాగలేదు. కూర్చోవడానికి తాగావు. కడుపుతో ఉన్న మనిషికి ఒక స్టూలు వేయని షెడ్డు అది. నీ చేతిలోని బీడీ ఒక్కటే దోషి అని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. నేను జూలైలోనే పెట్టె సర్దుకొని వచ్చేయాల్సింది. నువ్వు వద్దంటే ఆగిపోయాను. ఆ సంగతి కూడా నా దగ్గరే ఉంటుంది, నీకివ్వను.

దేవుడి చిత్తం అని రాయొద్దన్నావు. నేను రాయాలనుకోలేదు. ఆయన మీద వేసి ఊరుకోవడానికి నాకు మనసు రావడం లేదు. జపానికి కూర్చుంటే ఆ తెల్ల గుడ్డే కనిపిస్తోంది. ఈ మాట మదర్‌తో అన్నాను. ఆమె నా పక్కన వచ్చి కూర్చున్నారు.

బావకు చెప్పు. ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది. ఆయన చెయ్యి నీ తల మీద ఉన్నప్పుడు నువ్వు పారిపోకుండా ఉండాలంటే చెప్పక తప్పదు.

నీ
అమల


నగరి
డిసెంబరు

అమలకు,

ఇన్నాళ్లూ రాయలేదు. నీ ఉత్తరం చదివి కొన్నాళ్లు నీమీద కోపంగా ఉన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. తర్వాత ఆ కోపమూ పోయింది. నాకు నిజం చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే.

మీ బావకు చెప్పాను. ఆటోలో చెప్పాను, ముఖాలు చూసుకోనక్కర లేకుండా. ఆయన రోడ్డు పక్కన ఆపాడు. చాలాసేపు హ్యాండిలు పట్టుకొని ఉన్నాడు. ఇంటికొచ్చాక అన్నం తినలేదు, ఆ తర్వాత కూడా చాలా రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాడు. ఆదివారం ఇద్దరం పాప దగ్గరికి పోయి గడ్డి పీకి వచ్చాం. అక్కడ ఏడ్చాడు. నేను పట్టుకున్నాను. పారిపోలేదు.

మళ్లీ షెడ్డుకు పోతున్నా. ఇంట్లో ఉంటే ఆ నిశ్శబ్దం భరించలేను. బీడీ ముట్టలేదు. కావాలనిపిస్తుంది, దాచడం దేనికి, రోజూ అనిపిస్తుంది. టైముకు చెయ్యి తనంతట తనే లేస్తుంది.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. ప్రశాంతి అని ఒక పిల్ల కొత్తగా పనిలో చేరింది. పెళ్లై ఏడాది కాలేదు. పొద్దున గోడ పట్టుకొని వాంతి చేసుకోవడం చూశాను. మధ్యాహ్నం బీడీ టైములో నీళ్లకని బయటికొచ్చి చూస్తే చెట్టు కింద మొద్దు మీద కూర్చొని ఉంది. దేవకమ్మ అగ్గిపుల్ల గీస్తోంది. "ఊరికే పట్టుకో మే," అంటోంది. అదే మాట.

నాకు ఏమైందో నాకే తెలియదు. పోయి ఆ పిల్ల వేళ్ల మధ్య నుంచి బీడీ తీసుకొని కాలి కింద వేసి నలిపేశాను. ఆ పిల్ల బెదిరిపోయి లేచి లోపలికి పోబోయింది. భుజం పట్టుకొని మళ్లీ మొద్దు మీద కూర్చోబెట్టాను. దేవకమ్మ నావైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అగ్గిపెట్టె కొంగులో ముడేసుకొని, చాలా మెల్లగా, "నాకు మొదట ఇద్దరు పోయినారు మే, నెలలు నిండకుండానే. మిగిలినోళ్లనే సెప్పుకుంటా వచ్చినా," అంది.

మునిరామయ్య వచ్చాడు.

"ఆ పాప ఏంటికి ఊరికే కూసోనుండాది?"

"ఊరికేనే కూసోనుండాది అన్నా."

"బీడీ తాగే మనిసి కాదే."

"కాదు. కడుపుతో ఉండే మనిసి. కూసునేదానికి బీడీ కావల్నా?"

"రేపు అందురూ ఇట్లనే కూసుంటామంటే నేనేం సెప్పేది ఓనరుకి?"

"రూతు సెప్పిందని సెప్పన్నా. ఆ పాప మగ్గమూ నా మగ్గమూ రెండూ నేను సూసుకుంటా. పోగు తెగితే నన్నడుగు."

అతను నా ముఖం చూశాడు. తర్వాత నా పొట్టవైపు చూశాడు, ఖాళీగా ఉంది కదా. చూసినందుకు సిగ్గుపడ్డట్టు తల దించుకొని లోపలికి పోయాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నేను కూడా ఫిబ్రవరిలో ఈ మాట అడిగి ఉండొచ్చు. నోట్లోంచి రాలేదు. రావడానికి నా బిడ్డ పోవాల్సి వచ్చింది అమలా.

నేను లోపలికి పోయి రెండు మగ్గాల మధ్య నిలబడ్డాను. కిటికీలోంచి చెట్టు కనబడుతుంది. అందరూ బీడీలు తాగుతున్నారు. ఆ పిల్ల మాత్రం వాళ్లకు కాస్త ఎడంగా, చేతులు ఒళ్లో పెట్టుకొని, ఏమీ చేయకుండా, ఊరికే కూర్చుంది. టైము అయిపోయేదాకా కూర్చుంది.

మీ అక్క
రూతు